జ్వరం లేని సెలవు చీటీ

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికి ఏ అర్జీ రాయాల్సి వచ్చినా మా తలుపే కొట్టేవాళ్లు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పటి నుంచీ అదే వరస. కరెంటు మీటరు తప్పు తిరుగుతోందని ఒకరు, సందులో డ్రైనేజీ పొంగుతోందని ఒకరు, బ్యాంకు పాస్‌బుక్కులో ఇంటిపేరు తప్పు పడిందని ఇంకొకరు. పంజాగుట్ట చౌరస్తా వెనక సందులో నాలుగంతస్తుల పాత బిల్డింగు మాది. నాన్న ఉద్యోగం కోసం తణుకు వైపు నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డారు. "మా అమ్మాయి రాస్తుంది లెండి, మీరు కూర్చోండి" అని నన్ను అడక్కుండానే మాటిచ్చేసేవారు. నేను పైకి విసుక్కునేదాన్ని గానీ లోపల పొంగిపోయేదాన్ని.

ఒక దుర్గుణం మాత్రం అప్పటి నుంచే ఉంది. వచ్చినవాళ్లు రెండు ముక్కలు చెప్పగానే "అర్థమైందండీ" అని ఆపేసేదాన్ని. మూడో అంతస్తు ఆంటీ గారు మీటరు గురించి మొదలుపెట్టి వాళ్లాయన రిటైర్‌మెంటు దాకా వెళ్లబోయేసరికి నేను 'గౌరవనీయులైన ఇంజనీర్ గారికి' దాటేసి సగం పేజీలో ఉండేదాన్ని. ఆవిడ చెప్పాలనుకున్నది ఆవిడ దగ్గరే ఉండిపోయేది. ఉత్తరం మాత్రం బ్రహ్మాండంగా ఉండేది.

అందుకే అమీర్‌పేటలో నేను చదివే డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు మేడమ్ నోటీసు బోర్డు మీద ఓ కాగితం అంటించినప్పుడు, అది నా కోసమే అంటించారనుకున్నాను. రాయడంలో ఇబ్బంది పడేవాళ్లకు తోటి విద్యార్థులే సాయం చేయాలి, ఆసక్తి ఉన్న సీనియర్లు పేర్లివ్వండి అని దాని సారాంశం. నేను థర్డియర్. అందరికంటే ముందు నా పేరు రాసి, కింద గీత కూడా గీశాను.

లైబ్రరీలో న్యూస్‌పేపర్లు పెట్టే మూల మాకో టేబులు ఇచ్చారు. దాని ఒక కాలు పొట్టి. అట్టముక్క మడిచి పెట్టినా రాసేటప్పుడు ఊగేది. కిటికీ తీస్తే కింద కోచింగ్ సెంటర్ల కరపత్రాలు పంచేవాళ్ల అరుపులు, పైన మెట్రో చప్పుడు. మేం ముగ్గురం. ముందు రెండు వారాల శిక్షణ అన్నారు. రాయడం రానివాళ్లకు కదా శిక్షణ కావాల్సింది, నాకెందుకని మొదటి రోజే చిరాకు పడ్డాను.

ఆ రోజు మేడమ్ తనే స్టూడెంటులా వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. "అక్కా, ఈ పేరా నాకు కుదరట్లేదు" అన్నారు, మొహం అమాయకంగా పెట్టి. నేను కాగితం నా వైపు తిప్పుకుని, ఆవిడ చేతిలోంచి పెన్ను తీసుకుని, రెండు వాక్యాలు కొట్టేసి మూడోది మొదలుపెట్టాను.  పూర్తయ్యాక గర్వంగా కాగితం తిప్పి ఇచ్చాను.

"బాగుంది," అన్నారు. "ఇది ఎవరిది?"

"మీదే మేడమ్."

"నాదా? ఇందులో నేనెక్కడున్నాను?"

మిగతా ఇద్దరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. బాగు చేసినందుకు మెచ్చుకోవాల్సింది పోయి లెక్చర్లేమిటి అనుకున్నాను. మేడమ్ మాత్రం తాపీగా, మర్నాటి నుంచి నేను చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చోవాలని చెప్పారు. పెన్ను ఎప్పుడూ రాసేవాళ్ల చేతిలోనే ఉండాలట. వాళ్లు తప్పు రాసినా సరే, నేను అడగొచ్చు, చూపించొచ్చు, పెన్ను మాత్రం ముట్టకూడదు. వారం రోజులు అలాగే కూర్చున్నాను. చేతులు తిమ్మిరెక్కేవి. అంతకంటే ఎక్కువగా దురద పుట్టేవి.

అదైనా నయం. రెండోది నా వల్ల కాలేదు. ప్రశ్న అడిగాక, అవతలివాళ్లు నోరు విప్పేదాకా మనం నోరు విప్పకూడదు. "లోపల ఇరవై దాకా లెక్కపెట్టు" అన్నారు మేడమ్. నేను నాలుగు దాటలేకపోయాను. నాలుగయ్యేసరికి జవాబు నేనే చెప్పేసేదాన్ని. ఒకసారి ఆరు దాకా వెళ్లి, ఊపిరి బిగబట్టినందుకు దగ్గొచ్చింది.

మూడో పని ఒక నోటుబుక్కు. ఎవరితోనైనా కూర్చున్నాక ఆ రోజే రాయాలి, వాళ్లేమన్నారు, మనమేమన్నాం, మాట పొల్లుపోకుండా. "నువ్వు చెప్పాలనుకున్నది కాదు, నీ నోట్లోంచి వచ్చింది రాయి" అని మేడమ్ మరీ మరీ చెప్పారు. అది చాలా తేలికనుకున్నాను. తర్వాత దానితోనే నా పని పట్టారు.

సెమిస్టర్ పరీక్షలకు నెల ముందు హాజరు తక్కువైనవాళ్ల జాబితా పెట్టారు. ప్రతి ఏడాదీ ఉండే తంతే. జాబితా పెట్టిన మర్నాటికల్లా మా కాలేజీలో సగం మందికి కామెర్లు వచ్చి ఉండేవి, కనీసం డాక్టర్ సర్టిఫికెట్ల ప్రకారం. ఆ ఏడు ప్రిన్సిపల్ సార్‌కి ఓపిక నశించింది. సర్టిఫికెట్లు చూడను, ఎవరి కారణం వాళ్లు సొంత చేత్తో రాసి తేవాలి, చదివి ఒక్కొక్కర్నీ పిలుస్తాను, నమ్మకం కలిగితే పరీక్షకు కూర్చోనిస్తాను, లేకపోతే డిటెయిన్ అన్నారు. డిటెయిన్ అంటే ఆ ఏడాది పోయినట్టే. శుక్రవారం సాయంత్రం ఆఖరు గడువు.

మా టేబులుకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. వచ్చినవాళ్ల చేతుల్లో ఉన్నవన్నీ ఒకే ఉత్తరం. 'నేను నిన్న రాత్రి నుండి జ్వరముతో బాధపడుచున్నందున' అని మొదలై 'మీ విధేయుడైన విద్యార్థి' అని ముగిసేది. చిన్న క్లాసుల్లో మా అందరి చేతా బట్టీ పట్టించిన సెలవు చీటీ అది. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. పెళ్లికి వెళ్లినా, క్రికెట్ చూసినా, ఊరికి వెళ్లినా జ్వరమనే రాస్తాం. వేరే కారణంతో సెలవు చీటీ రాయొచ్చని మాకెవరూ చెప్పలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చింది. ఫస్టియర్. సన్నగా ఉంటుంది, జడ బిగించి వేసుకుంది, బ్యాగు ఒళ్లోంచి కింద పెట్టకుండా కూర్చుంది. యూసుఫ్‌గూడలో ఉంటారట. ఉత్తరం టేబులు మీద పెట్టి "జర చూడుండ్రి అక్క, ఇంగ్లీషు కరెక్టుగ ఉన్నదా" అంది.

జ్వరమే. రెండున్నర నెలల్లో ఆమె సగం రోజులు కూడా రాలేదు, ఆ రోజులన్నిటికీ కలిపి ఒకటే జ్వరం, అదీ నిన్న రాత్రి నుంచి. నేను చేతులు తొడల కింద పెట్టుకున్నాను. అంతవరకూ బాగానే ఉంది. "ఇన్ని రోజులు ఎందుకు రాలేదు?" అని అడిగాను. ఆమె తల దించుకుంది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. అప్పటికే పొద్దుట్నుంచి పన్నెండు జ్వరాలు చదివి ఉన్నాను. నా సహనం అక్కడితో సరి.

"నిన్న రాత్రి మొదలైన జ్వరం రెండు నెలలుందా? ఇది పట్టుకెళితే ప్రిన్సిపల్ సార్ నిన్ను తిన్నగా ఎర్రగడ్డ పంపిస్తారు," అన్నాను నవ్వుతూ.

హైదరాబాదులో పెరిగినవాళ్లకు ఆ మాట నాలుక చివరే ఉంటుంది. ఎర్రగడ్డలో రైతుబజారుంది, మార్కెట్టు రోడ్డుంది, మెట్రో స్టేషనుంది. అయినా ఆ పేరు చెప్పగానే అందరికీ ముందు గుర్తొచ్చేది పిచ్చాసుపత్రే. మా ఇంట్లో అన్నయ్య రోజుకు రెండుసార్లైనా నన్ను అక్కడికి పంపేవాడు. నేను వాణ్ణి పంపేదాన్ని. తిట్టని కూడా అనుకునేవాళ్లం కాదు.

ఆ అమ్మాయి కూడా నవ్వింది. నవ్వి, ఉత్తరం నాలుగు మడతలు పెట్టి నోటుబుక్కులో దాచుకుంది. "రేపొస్త అక్క" అని లేచి వెళ్లిపోయింది. నేను తర్వాతి జ్వరాన్ని పిలిచాను.

మర్నాడు రాలేదు. బుధవారం సాయంత్రం మేడమ్ నోటుబుక్కు అడిగినప్పుడు నాకు ఆ పిల్ల మీద కోపంగానే ఉంది. "ఫస్టియర్ అమ్మాయొకతి వస్తానని రాలేదు మేడమ్. వాళ్లకే పట్టనప్పుడు మనమేం చేస్తాం" అన్నాను. ఆవిడ పేజీ తిప్పారు. నేను మాట పొల్లుపోకుండా రాశాను, దాచలేదు. దాచాల్సినదేదీ ఉందనుకోలేదు కూడా. ఆవిడ వేలు ఒక వాక్యం మీద ఆగింది.

"ఇది అన్నాక తనేం చేసింది?"

"నవ్వింది మేడమ్."

"తర్వాత?"

"ఉత్తరం మడిచి పెట్టేసుకుంది."

"నువ్వు దిద్దకముందేనా?"

 ఆవిడ లోపల లెక్కపెట్టుకుంటున్నట్టు నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. మాకు నేర్పిన పనే నా మీద ప్రయోగిస్తున్నారని తెలుస్తూనే ఉంది, అయినా తప్పించుకోలేకపోయాను. కిటికీ అవతల రెండు మెట్రోలు వెళ్లాయి. నవ్వొచ్చి నవ్విన మనిషి ఉత్తరం అన్ని మడతలు పెట్టదని నాకు అప్పుడు తట్టింది. ఏం జరిగిందో తెలియలేదు గానీ, జరిగింది నా నోటివల్లేనని తెలిసింది. 

"వెళ్లి దిద్దుకుని రా," అన్నారు మేడమ్. నోటుబుక్కు మూసి నా చేతిలో పెట్టారు.

గురువారం ఆమె క్లాసుకు వెళ్లాను. ఆమె లేదు. ఆ రోజు రాలేదన్నారు. ఒక్కసారిగా భయమేసింది. గడువు మర్నాడే. నా తలతిక్క మాట వల్ల ఒక పిల్ల ఏడాది పోతే ఏ మొహం పెట్టుకుని ఆ టేబులు దగ్గర కూర్చోవాలి? ఆఫీసులో బతిమాలి ఫోన్ నంబరు సంపాదించాను. చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను. మూడోసారికి ఎత్తి, అమీర్‌పేటలోనే ఉన్నానని, మందుల షాపుకు వచ్చానని, అరగంటలో యూసుఫ్‌గూడ బస్సెక్కుతానని చెప్పింది. ఉన్నచోటే ఉండమని చెప్పి పరిగెత్తాను.

మెట్రో మెట్ల కింద, మొక్కజొన్న కంకులు కాల్చే ఆవిడ పక్కన నిలబడి ఉంది. చేతిలో మందుల కవరు. నన్ను చూడగానే దాన్ని చున్నీ కిందికి జరుపుకుంది.

"మొన్న నేనన్న మాట తప్పు," అన్నాను. ఆయాసంతో అంతకంటే మంచి మాటలు రాలేదు.

"ఏ మాట అక్క?"

"ఎర్రగడ్డ మాట."

ఆమె రోడ్డు వైపు చూసింది. ఎందుకన్నానో, ఎవరో అంటే విని అలవాటైందనో, నిన్ను ఉద్దేశించి కాదనో చెప్పాలని నాలుక లాగింది. గట్టిగా పళ్లు బిగించాను. లెక్కపెట్టాను. ఇరవై దాటింది. కంకులావిడ నా వైపు చూసి "ఏం కావాలమ్మా" అంది, తల అడ్డంగా ఊపాను. నలభై అయ్యుంటుంది. నా జన్మలో అంతసేపు మాట్లాడకుండా నిలబడింది అదే మొదటిసారి.

"గాడికే పోతున్నమక్క," అంది ఆమె చివరికి. "మా అమ్మను తీసుకొని."

తర్వాత తనే చెప్పింది. వానాకాలం నుంచి వాళ్లమ్మ మాట్లాడ్డం మానేసింది, తినడం మానేసింది, గోడకు ఆనుకుని అట్లాగే కూర్చునేది. ఎవరో గాలి సోకిందన్నారు, ఎవరో తాయెత్తు కట్టారు. ఆఖరుకు ఎర్రగడ్డ తీసుకెళితే చేర్చుకుంటామన్నారు, పక్కన ఇంటి మనిషి ఒకరుండాలన్నారు. వాళ్ల నాన్నది సెక్యూరిటీ డ్యూటీ, సెలవు పెడితే పని పోతుంది. అందుకని ఈమె ఉంది. నెల దగ్గర దగ్గర. ఇంటికి తెచ్చాక కూడా చూపించడానికి తీసుకెళ్లాలి, రోజూ పొద్దున దగ్గర కూర్చుని తినిపించి, గోలీలు మింగేదాకా చూడాలి.

"బస్తీల ఎవరికి చెప్పలే. చుట్టాలింట్ల ఉన్నమని చెప్పినం," అంది. "ఇప్పుడు మస్తు నయమక్క. మాట్లాడుతుంది. కానీ ఒక్కసారి గా పేరు బయటికొస్తే ఇగ అందరు మా అమ్మను గట్లనే చూస్తరు. అందుకే జ్వరమని రాసిన."

"మరి ఉత్తరం ఇవ్వకపోతే ఏడాది పోతుంది కదా?"

"పోతే డాడీ ఇగ చదువు బంద్ చెయ్యమంటడు. గది సుత తెలుసు."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. దాచుకోవాలనిపించలేదు. "నేను వాగాను. నన్ను క్షమించు" అన్నాను. ఆమె కంగారు పడిపోయి "అయ్యో అక్క, మీకేం తెల్సు" అంది. తెలియనిదాన్ని అడగాలని, అడిగాక వినాలని రెండు వారాలు నేర్పించారన్న సంగతి ఆమెకు చెప్పలేదు.

ఇద్దరం కాలేజీకి నడిచాం. ఊరి నుంచి వచ్చిన వాళ్ల చిన్నమ్మ ఆ పూట ఇంట్లో ఉంది కాబట్టి గంటసేపు పరవాలేదంది. లైబ్రరీలో ఊగే టేబులు దగ్గర కూర్చున్నాం. నేను చేతులు తొడల కింద పెట్టుకోవడం చూసి ఎందుకక్క అని అడిగింది. చెప్పాను. మొదటిసారి నిజంగా నవ్వింది.

"ఇంగ్లీషుల నాకింత రాయొస్తదా?"

నాకూ తెలియదు. మేడమ్ దగ్గరికెళ్లి తెలుగులో రాస్తే సార్ తీసుకుంటారా అని అడిగాను. "ఎందుకు తీసుకోరు? ఆయనకు తెలుగు రాదా?" అన్నారు ఆవిడ. అంత చిన్న విషయం నాకెందుకు తోచలేదో. పరిగెత్తుకొచ్చి చెప్పగానే ఆమె భుజాలు కిందికి దిగాయి. పెన్ను తీసింది.

మొదటి రెండు వాక్యాలు గబగబా వచ్చాయి. మూడోదానిలో ఆసుపత్రి దగ్గర ఆగిపోయింది.

"ఎర్రగడ్డ అని రాయాల్నా అక్క?"

నా బుర్రలో అప్పటికే నాలుగు దారులు సిద్ధంగా ఉన్నాయి. 'ప్రభుత్వ ఆసుపత్రి' అంటే చాలు. 'తల్లిగారి తీవ్ర అనారోగ్య కారణముగా' అంటే హుందాగా ఉంటుంది. మా అపార్ట్‌మెంట్ వాళ్లకైతే అప్పుడే రాసి ఇచ్చేసేదాన్ని. అరచేతులు తొడల కింద కాలిపోతున్నాయి.

"నువ్వేం రాద్దామనుకుంటున్నావు?" అన్నాను.

ఆమె పెన్ను మూత పెట్టేసింది. "అమ్మనడుగుత," అంది. "పేరు ఆమెది గదా."

గడువు మర్నాడు సాయంత్రమే. అయినా సరేనన్నాను. ఆ సాయంత్రం ఇంట్లో నేను చేసిన గొడవ అంతా ఇంతా కాదు. అన్నయ్య అలవాటుగా నన్ను ఎర్రగడ్డ పంపబోతే వాడి మీద అరిచాను. ఇకమీదట ఈ ఇంట్లో ఆ మాట వినపడకూడదన్నాను. అమ్మ ఏమైందే నీకు అంది. నాన్న పేపరు పక్కన పెట్టి నా వైపు చూశారు. ఎవరి గురించో, ఏమిటో చెప్పలేదు, అది నేను చెప్పాల్సిన కథ కాదు. వాడు మాత్రం మళ్లీ అనలేదు.

శుక్రవారం పొద్దున్నే ఆ అమ్మాయి టేబులు దగ్గరికి వచ్చింది. నేను ఏమీ అడగలేదు. తనే చెప్పింది.

"రాయమన్నదక్క. 'నేనేమన్న దొంగతనం చేసిన్నా, దాచుకోనీకి' అన్నది."

నాకు అంత హాయి ఎప్పుడూ కలగలేదు. ఉత్తరం ఇంకా పూర్తికాలేదు, ప్రిన్సిపల్ సార్ ఏమంటారో తెలియదు, అయినా సగం బరువు అక్కడే దిగిపోయింది. ఆమె కూర్చుని, ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి రాసింది. ఒక పేజీ కూడా నిండలేదు. చివరి భాగం నాకిప్పటికీ గుర్తుంది, దాన్ని వాడుకోవచ్చని తనే చెప్పింది కాబట్టి ఇక్కడ పెడుతున్నాను. 'మా అమ్మను ఎర్రగడ్డ ఆసుపత్రిలో చేర్పించినం. పక్కన నేనే ఉన్న. మా డాడీ డ్యూటీకి పోకుంటే ఇల్లు నడవదు. నేను లేకుంటే మా అమ్మ గోలీలు వేసుకోదు. అందుకే కాలేజీకి రాలే. కాలేజీ అంటే ఇష్టం లేక కాదు. ముందు జ్వరమని రాసిన. అది అబద్ధం అయితది కాబట్టి ఇయ్యలేదు.'

చదివి, ఏమైనా మార్చాలా అని అడిగింది. మార్చాల్సినవి నాకు కనపడ్డాయి, చదువుకున్నాం కదా. నా దృష్టి చివరి మాట మీదికి పోయేసరికి వాటిలో ఒక్కటీ అడగాలనిపించలేదు. "తేదీ వేశావా?" అన్నాను. వేయలేదు. వేసింది.

సోమవారం ఒక్కొక్కర్నీ పిలిచారు. ప్రిన్సిపల్ గది బయట బెంచీ మీద ఆమె పక్కన నేను కూర్చున్నాను. నాకు అక్కడ పని లేదు, మేడమ్ కూడా వెళ్లమని చెప్పలేదు. కామెర్ల కుర్రాళ్లు లోపలికి ఊగుతూ వెళ్లి మొహాలు వేలాడేసుకుని వస్తున్నారు. ఒకడికి లోపలి నుంచి తిట్లు తలుపు దాటి వినపడ్డాయి. ఆమె ఏమేం అడుగుతారో ముందు రోజంతా అనుకుని వచ్చిందట. ఎన్ని రోజులున్నవ్, సాక్ష్యమేది, మీ ఇంట్లో ఇంకెవరూ లేరా, ఇదివరకే ఎందుకు చెప్పలేదు. అన్నిటికీ జవాబులు తయారు చేసుకుంది. తన పేరు పిలవగానే చున్నీ సర్దుకుని లేచింది. ఆమె చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలాను.

అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. తలుపు తీసుకుని వచ్చింది. ఏడుస్తోంది. నా ప్రాణం పోయింది.

"ఏమన్నారు?"

 నేను లెక్కపెట్టడం మర్చిపోయాను, కానీ ఆగాను.

"సంతకం పెట్టిండు అక్క," అంది కళ్లు తుడుచుకుంటూ. "అవేమి అడగలే. మొత్తం చదివిండు. చదివి, 'ఇప్పుడు అమ్మకెట్లున్నది బిడ్డా' అన్నడు. గంతే. అది ఎవ్వరు అడుగరనుకున్న. దానికి నా దగ్గర జవాబు లేకుండె."

నేను బెంచీ మీద కూలబడ్డాను.  ఇద్దరం ఒకళ్లనొకళ్లం చూసుకుని నవ్వుతూ ఏడ్చాం. కామెర్ల కుర్రాడొకడు మమ్మల్ని చూసి మాకూ డిటెయిన్ పడిందనుకుని "ఫికర్ చెయ్యకండి అక్కా, వచ్చే ఏడు చూసుకుందాం" అని ఓదార్చి వెళ్లాడు.

"మరి సార్‌కి ఏం చెప్పావు?" అని అడిగాను కాసేపయ్యాక.

ఆమె బ్యాగులోంచి స్టీలు టిఫిన్ బాక్సు తీసింది. "ఇది చూపెట్టిన," అంది. "పొద్దున నేను లేచేవరకే కట్టి పెట్టింది. వానాకాలం నుంచి పొయ్యి దగ్గరికే పోలే. ఇయ్యాల తనే లేచి వండింది."

మెట్ల మీద కూర్చుని మూత తీశాం. అన్నం, పప్పు, పక్కన ఒక మామిడికాయ ముక్క. నా చేతిలో ముద్ద పెట్టి, నేను తినేదాకా మొహం వైపే చూస్తూ కూర్చుంది.

"ఎట్లున్నదక్క?"

పప్పులో ఉప్పు బాగా ఎక్కువైంది. కాగితం కనపడితే తప్పు వెతికే నేను, ఆ ముద్ద నమిలి మింగి, ఇంకో ముద్ద పెట్టమని చెయ్యి చాచాను.